వాషింగ్టన్ మూసిన తలుపు, రాష్ట్రం తెరిచిన తలుపు

అమెరికా సుప్రీంకోర్టు ఏదైనా పెద్ద తీర్పు ఇచ్చిందంటే మర్నాడు మన పత్రికల్లో మొదటి పేజీ వార్త. వీసాలు, సుంకాలు, అక్కడ పుట్టిన పిల్లల పౌరసత్వం లక్షల తెలుగు కుటుంబాలకు ఇంటి విషయాలైపోయాయి కాబట్టి ఆ ఆసక్తిని తప్పుపట్టలేం. కానీ ఆ తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏడాది పొడుగునా పూర్తిస్థాయిలో వాదనలు వినేది అరవై చిల్లర కేసుల్లోనే. అమెరికాలో కోర్టుకెక్కే తగాదాల్లో నూటికి తొంభైకి పైగా సుప్రీంకోర్టు గడపే కాదు, అసలు ఏ ఫెడరల్ కోర్టు గడపా తొక్కవు. విడాకులు, పిల్లలు ఎవరి దగ్గర ఉండాలన్న తగువు, ఇంటి అద్దె, వీలునామా, కారు ప్రమాదం, దొంగతనం, హత్య ఇవన్నీ రాష్ట్ర కోర్టుల్లోనే మొదలై చాలావరకు అక్కడే ముగుస్తాయి. రాజ్యాంగం మూడో అధికరణం కింద జీవితకాలం కొనసాగే ఫెడరల్ జడ్జీల పదవులు దేశం మొత్తమ్మీద దాదాపు 870 ఉంటే, రాష్ట్రాల జడ్జీలు సుమారు 30 వేల మంది. అంకెల సంగతి అలా ఉంచినా, అధికారం విషయంలోనూ రాష్ట్ర కోర్టులను చిన్నచూపు చూడటానికి వీల్లేదు. ఒక వ్యవస్థలో తలుపు మూసుకుపోయిన పౌరుడికి మరో వ్యవస్థలో తట్టడానికి ఇంకో తలుపు ఉండటమే అమెరికా న్యాయానికి అసలైన బలమని నా వాదన. డబ్బు, పార్టీ రాజకీయాలు ఆ రెండో తలుపును గుంజుతున్న మాట నిజమే. అయినా దాన్ని బాగుచేసుకోవాలి తప్ప గోడ కట్టేయకూడదు.

మన పాఠకులకు ఈ ఏర్పాటు వెంటనే బోధపడకపోవడానికి కారణం ఉంది. మన దేశంలో ప్రభుత్వాలు కేంద్రం, రాష్ట్రాలుగా విడివడినా కోర్టులు మాత్రం ఒకే వరుసలో ఉంటాయి. తెనాలిలో జూనియర్ సివిల్ జడ్జి దగ్గర వేసిన దావా జిల్లా కోర్టు, అమరావతిలోని హైకోర్టు మీదుగా ఢిల్లీ దాకా పోవచ్చు. తగవు రాష్ట్ర శాసనసభ చేసిన చట్టం మీదా, పార్లమెంటు చేసిన చట్టం మీదా అన్నదానితో నిమిత్తం లేదు. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో ముసాయిదాను ప్రవేశపెడుతూ అంబేడ్కర్ ఈ తేడాను ప్రత్యేకంగా ఎత్తిచూపారు. రెండు స్థాయుల్లో ప్రభుత్వాలున్నంత మాత్రాన రెండు న్యాయవ్యవస్థలు ఉండనక్కర్లేదని, దేశ ఐక్యతకు ఒకే న్యాయవ్యవస్థ అవసరమని ఆయన అభిప్రాయం. దేశ విభజన నెత్తురు ఇంకా ఆరని రోజుల్లో ఆ నిర్ణయం సబబైనదే. అమెరికా పుట్టుక వేరు. అక్కడ కేంద్ర ప్రభుత్వం పుట్టకముందే పదమూడు రాష్ట్రాలకూ సొంత కోర్టులు, జ్యూరీలు, వకీళ్లు ఉన్నారు. 1787 నాటి రాజ్యాంగం ఒక్క సుప్రీంకోర్టు ఉండి తీరాలని మాత్రం చెప్పి, దాని కింద ఫెడరల్ కోర్టులు పెట్టాలా వద్దా అన్నది కాంగ్రెస్‌కు వదిలేసింది. 1789లో వచ్చిన న్యాయవ్యవస్థ చట్టం ఆరుగురు సుప్రీంకోర్టు న్యాయమూర్తులతో, పదమూడు జిల్లాలతో ఆ పని మొదలుపెట్టింది. ఇప్పుడు 94 ఫెడరల్ జిల్లా కోర్టులు, 13 అప్పీలు కోర్టులు ఉన్నాయి.

ఈ ఫెడరల్ కోర్టులకు ఉన్నవి లెక్కపెట్టి ఇచ్చిన అధికారాలే. ఫెడరల్ చట్టం మీద తగువు కావాలి, లేదా అమెరికా ప్రభుత్వమే కక్షిదారు కావాలి, లేదా రెండు రాష్ట్రాల మధ్య వ్యాజ్యం కావాలి. వేర్వేరు రాష్ట్రాల పౌరుల మధ్య తగాదా అయితే దాని విలువ 75 వేల డాలర్లు దాటాలి. ఇలాంటి ఆధారమేదీ లేని కేసును వినే అధికారం ఫెడరల్ జడ్జికి లేదు, వినాలని ఆయనకు ఎంత ఉబలాటమున్నా సరే. రాష్ట్ర కోర్టుకు అలాంటి కట్టడి చాలావరకు లేదు. రాష్ట్ర చట్టమే కాక ఫెడరల్ రాజ్యాంగం ఇచ్చిన హక్కుల మీదా అది తీర్పు చెప్పవచ్చు, రోజూ చెబుతూనే ఉంది. ఇక్కడొక మాట. మనవాళ్లు ఎక్కువగా భయపడే ఇమిగ్రేషన్ కోర్టు ఈ రెండు వ్యవస్థల్లో దేనిలోనూ కోర్టు కాదు. అది న్యాయశాఖలో ఒక విభాగం, అక్కడి జడ్జీలు అటార్నీ జనరల్ కింద పనిచేసే ఉద్యోగులు. పేర్లు చూసి కూడా మోసపోకూడదు. న్యూయార్క్‌లో సుప్రీంకోర్టు అంటే విచారణ జరిపే కింది కోర్టు, అక్కడి అత్యున్నత న్యాయస్థానం పేరు కోర్ట్ ఆఫ్ అప్పీల్స్. విజయవాడలో పుట్టిన జయ బాడిగ 2024లో కాలిఫోర్నియాలోని శాక్రమెంటో కౌంటీ సుపీరియర్ కోర్టుకు జడ్జిగా నియమితులైనప్పుడు తెలుగు పత్రికలు ఘనంగా రాశాయి. ఆ సుపీరియర్ కోర్టు కూడా పైకోర్టు కాదు, జనం నేరుగా మెట్లెక్కే మొదటి కోర్టు.

ఇంతకీ చివరి మాట ఎవరిది? ఫెడరల్ చట్టం మీద రాష్ట్ర కోర్టు తీర్పును సుప్రీంకోర్టు సమీక్షించగలదని 1816లో మార్టిన్ వర్సెస్ హంటర్స్ లెస్సీ కేసు తేల్చింది. అది అందరికీ తెలిసిన సగం. రాష్ట్ర చట్టానికి అర్థం చెప్పడంలో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానానిదే తుది మాట అని, సుప్రీంకోర్టు దాన్ని ముట్టుకోదని 1875లో మర్డాక్ వర్సెస్ మెంఫిస్ కేసులో స్థిరపడింది. ఈ రెండో సగాన్ని బయటివాళ్లు మరిచిపోతారు. 1934లో పెన్సిల్వేనియాలో రైలు పట్టాల పక్కన నడిచి వెళ్తున్న ఒక కార్మికుడికి గూడ్సు బండి నుంచి పొడుచుకొచ్చిన తలుపులాంటిదేదో తగిలి చెయ్యి పోయింది. అతను ఫెడరల్ కోర్టుకు వెళ్లి 30 వేల డాలర్ల పరిహారం గెలిచాడు, జడ్జీలు రాష్ట్ర న్యాయసూత్రాలను పక్కనపెట్టి సొంత సూత్రాలు వర్తింపజేశారు కనుక. 1938లో ఈరీ రైల్‌రోడ్ కేసుగా అది సుప్రీంకోర్టుకు చేరితే, జస్టిస్ బ్రాండైస్ ఆ తీర్పును కొట్టేస్తూ దాదాపు శతాబ్దంగా నడిచిన పద్ధతికి స్వస్తి చెప్పారు. రాష్ట్ర చట్టం వర్తించే చోట ఫెడరల్ జడ్జి కూడా ఆ రాష్ట్ర కోర్టు చెప్పిన అర్థానికే కట్టుబడాలి. పాపం ఆ కార్మికుడికి పరిహారం దక్కలేదు గానీ అమెరికా న్యాయవ్యవస్థకు ఒక వెన్నెముక దొరికింది. ఇప్పుడు రాష్ట్ర చట్టం మీద సందేహం వస్తే ఫెడరల్ అప్పీలు కోర్టే ప్రశ్న రాసి పంపి, రాష్ట్ర సుప్రీంకోర్టును అడిగి తెలుసుకునే ఆనవాయితీ ఉంది.

దీనివల్ల సామాన్యుడికి ఒరిగేదేమిటో టెక్సస్ బడుల కథ చెబుతుంది. శాన్ ఆంటోనియో నగరంలో ఎడ్జ్‌వుడ్ అనే పేద పాఠశాల జిల్లా, అదే ఊళ్లో ఆలమో హైట్స్ అనే సంపన్న జిల్లా ఉన్నాయి. బడుల ఖర్చులో స్థానిక వాటా ఆస్తిపన్ను నుంచే రావాలి. 1960ల చివర ఎడ్జ్‌వుడ్ ప్రజలు నూరు డాలర్ల ఆస్తికి 1.05 డాలర్ల చొప్పున పన్ను కట్టినా విద్యార్థికి 26 డాలర్లే వచ్చేవి. ఆలమో హైట్స్‌లో 85 సెంట్ల చొప్పున కడితే చాలు, విద్యార్థికి 333 డాలర్లు. ఎక్కువ రేటున పన్ను కట్టిన వాళ్ల పిల్లలకే తక్కువ చదువు. మెక్సికన్ మూలాలున్న తల్లిదండ్రులు ఫెడరల్ కోర్టుకెళ్లారు, కింది కోర్టులో గెలిచారు, 1973 మార్చి 21న సుప్రీంకోర్టులో 5-4తో ఓడిపోయారు. చదువు ఫెడరల్ రాజ్యాంగం హామీ ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదని జస్టిస్ పావెల్ రాశారు. విభేదించిన జస్టిస్ తర్‌గుడ్ మార్షల్ తన తీర్పులో ఒక పాదసూచికలో, ఈ నిర్ణయం రాష్ట్ర రాజ్యాంగాల కింద పోరాడటానికి అడ్డు కాదని గుర్తుచేశారు. సరిగ్గా పదమూడు రోజులకు, ఏప్రిల్ 3న, న్యూజెర్సీ సుప్రీంకోర్టు తమ రాష్ట్ర రాజ్యాంగం ప్రకారం అలాంటి నిధుల పద్ధతి చెల్లదని తేల్చింది. ఎడ్జ్‌వుడ్ వాళ్లు కూడా తమ రాష్ట్ర కోర్టులకు మళ్లారు. 1989 నాటికి అత్యంత సంపన్న జిల్లాలో విద్యార్థికి లెక్కతేలే ఆస్తి కోటీ నలభై లక్షల డాలర్లుంటే అత్యంత పేద జిల్లాలో సుమారు 20 వేలు. ఏడు వందల రెట్లు. ఆ ఏడాది అక్టోబరులో టెక్సస్ సుప్రీంకోర్టు తొమ్మిది మందీ ఏకమై ఆ పద్ధతిని కొట్టేశారు. సమర్థమైన ఉచిత పాఠశాలలు నడపాలని రాష్ట్ర రాజ్యాంగంలో ఉన్న ఒక్క వాక్యం అందుకు ఆధారం. 1993లో సంపన్న జిల్లాల పన్నులో కొంత పేద జిల్లాలకు మళ్లించే చట్టం వచ్చింది. దాంతో అంతా చక్కబడిందని చెప్పను. వ్యాజ్యాలు 2016 దాకా సాగాయి, ఆ ఏడు అదే కోర్టు లోపాలున్నా పద్ధతి రాజ్యాంగబద్ధమేనంటూ చేతులు దులుపుకుంది. కానీ రెండో కోర్టే లేకపోతే ఎడ్జ్‌వుడ్ పిల్లల కథ 1973లోనే ముగిసేది.

ఇది ఉదారవాదుల ఎత్తుగడ అని అమెరికాలో కొందరు కొట్టిపారేస్తారు. 1977లో జస్టిస్ బ్రెన్నన్ రాష్ట్ర రాజ్యాంగాలను నమ్ముకోండని హార్వర్డ్ న్యాయ పత్రికలో రాయడం, ఆయన ఉదారవాది కావడం ఆ విమర్శకు ఊతం. కానీ భూసేకరణ మాట వింటేనే ఉలిక్కిపడే మన పాఠకులకు మరో కేసు చెప్పాలి. కనెక్టికట్‌లోని న్యూ లండన్ నగరపాలక సంస్థ అభివృద్ధి పేరుతో నివాసాలను బలవంతంగా సేకరించి ప్రైవేటు ప్రాజెక్టుకు ఇవ్వబోతే, పన్ను ఆదాయం పెరగడం కూడా ప్రజా ప్రయోజనమేనంటూ 2005లో ఫెడరల్ సుప్రీంకోర్టు 5-4తో ఒప్పుకుంది. మరుసటి ఏడాదే ఒహాయో సుప్రీంకోర్టు, మా రాష్ట్ర రాజ్యాంగం ప్రకారం ఆర్థిక లాభమొక్కటే చూపి ఇల్లు లాక్కోవడం కుదరదని ఏకగ్రీవంగా చెప్పింది. అక్కడ గెలిచింది సొంతింటి యజమానులు, చప్పట్లు కొట్టింది ఎక్కువగా మితవాదులు. న్యూ లండన్‌లో ఇళ్లు కూల్చిన నేల మాత్రం ఏళ్ల తరబడి బీడుగా పడి ఉంది. 2022లో గర్భస్రావ హక్కుకు ఫెడరల్ రక్షణను సుప్రీంకోర్టు ఎత్తేసినప్పుడు, సంప్రదాయ రాష్ట్రమైన కాన్సస్‌లో ఆ హక్కు నిలిచింది. అక్కడి సుప్రీంకోర్టు 2019లోనే దాన్ని రాష్ట్ర రాజ్యాంగంలో చూసింది. దాన్ని తీసేయడానికి 2022 ఆగస్టులో ప్రజాభిప్రాయ సేకరణ పెడితే నూటికి 59 మంది వద్దన్నారు. ఏ పక్షానికి ఎప్పుడు ఏ తలుపు కావలసివస్తుందో ముందే తెలియదు, అందుకే రెండూ ఉండాలి.

అదే కాన్సస్ పేరు తెలుగువాళ్లు మరవలేరు. 2017 ఫిబ్రవరి 22 సాయంత్రం ఓలేథ్ పట్టణంలోని బార్‌లో ఇద్దరు తెలుగు ఇంజినీర్ల మీద ఒకడు, మా దేశం నుంచి పొండంటూ కాల్పులు జరిపాడు. ఒకరు చనిపోయారు, మరొకరితో పాటు అడ్డుపడబోయిన స్థానికుడూ గాయపడ్డాడు. రాష్ట్ర కోర్టు హత్య, హత్యాయత్నాల కింద 2018 మేలో జీవితఖైదు వేసింది, యాభై ఏళ్ల దాకా పెరోల్ లేకుండా. అదే ఏడాది ఆగస్టులో ఫెడరల్ కోర్టు విద్వేష నేరం కింద మళ్లీ జీవితఖైదు వేసింది. రాష్ట్ర కోర్టు ఒక మనిషిని చంపిన తప్పును విచారించింది. జాతి, పుట్టిన దేశం చూసి చంపాడన్న తప్పును ఫెడరల్ కోర్టు విచారించింది. ఒకే నేరానికి రెండుసార్లు విచారణ కూడదని రాజ్యాంగం అంటుంటే ఇదేమిటని అడగవచ్చు. ఒక్కొక్క ప్రభుత్వం వేర్వేరు సార్వభౌమాధికారి, ఒక్కొక్కరి చట్టాన్ని ఉల్లంఘించడం ఒక్కొక్క నేరం అన్నది సుప్రీంకోర్టు పాత వైఖరి, 2019లో గ్యాంబుల్ కేసులో 7-2తో మళ్లీ ఖరారైంది. మాదకద్రవ్యాలు, తుపాకుల వంటి మామూలు కేసుల్లో నిందితుణ్ని రెండు వైపులా వాయించే ప్రమాదం ఇందులో ఉంది, కాదనలేను. జస్టిస్ గిన్స్‌బర్గ్, జస్టిస్ గోర్సచ్ రెండు భిన్న ధ్రువాల నుంచి వచ్చి ఆ కేసులో విభేదించడం ఊరికే కాదు. రాష్ట్రం ఒకసారి విచారించాక ఫెడరల్ ప్రాసిక్యూటర్లు గట్టి కారణం లేకుండా మళ్లీ కేసు పెట్టకూడదని న్యాయశాఖకు సొంత నిబంధన ఉంది, దాన్ని చట్టంగా మారిస్తే ఆ భయం చాలావరకు తీరుతుంది. ఈ విభజనకు ఇంకో ఫలితం ఉంది. 2024 మే 30న న్యూయార్క్ రాష్ట్ర కోర్టులో జ్యూరీ 34 అభియోగాల్లో దోషిగా తేల్చిన డొనాల్డ్ ట్రంప్, అధ్యక్షుడై కూడా ఆ నేరాన్ని తనకు తాను క్షమించుకోలేరు. అధ్యక్షుడి క్షమాభిక్ష ఫెడరల్ నేరాలకే పరిమితం. ఆ కేసును ఫెడరల్ కోర్టుకు మార్పించాలని ఆయన న్యాయవాదులు పదేపదే ప్రయత్నించారు.

రాష్ట్ర కోర్టుల మీద అన్నిటికంటే బరువైన ఆరోపణ దక్షిణాది చరిత్ర. నల్లజాతివారి మీద దౌర్జన్యాలు జరుగుతుంటే దశాబ్దాల పాటు అక్కడి రాష్ట్ర కోర్టులు, తెల్లవాళ్ల జ్యూరీలు కళ్లు మూసుకున్నాయి. బడుల్లో వేర్పాటును 1954లో కొట్టేసింది వాషింగ్టనే. 1964 జూన్‌లో మిసిసిపీ రాష్ట్రం నెషోబా కౌంటీలో ముగ్గురు పౌరహక్కుల కార్యకర్తలను చంపి మట్టికట్ట కింద పూడ్చేస్తే రాష్ట్రం హత్య కేసే పెట్టలేదు. ఫెడరల్ ప్రభుత్వం పౌరహక్కుల భంగానికి కుట్ర అనే అభియోగం మీద 1967లో ఏడుగురికి శిక్ష వేయించింది, ఎక్కువలో ఎక్కువ పదేళ్లు. ఈ చరిత్ర చూపి రాష్ట్ర కోర్టులను నమ్మలేమనేవాళ్ల బాధ అర్థమవుతుంది. అయితే ఆ చరిత్ర నా వాదనకు ఎదురు పోదని నా అభిప్రాయం. రాష్ట్రం తలుపు మూసినప్పుడు ఫెడరల్ తలుపు తెరిచి ఉండటం వల్లే ఆ మాత్రం న్యాయమైనా జరిగింది. నలభై ఒక్క ఏళ్ల తర్వాత, 2005 జూన్‌లో, 1967 నాటి జ్యూరీ తేల్చలేక వదిలేసిన ప్రధాన సూత్రధారికి అరవై ఏళ్ల శిక్ష వేసింది మాత్రం మిసిసిపీ రాష్ట్ర కోర్టు. పైగా ఫెడరల్ జడ్జీలందరూ పుణ్యాత్ములేం కాదు. 1967 విచారణ నడిపిన ఫెడరల్ జడ్జి హెరాల్డ్ కాక్స్, అధ్యక్షుడు కెనడీ నియమించినవాడే, జాతి వేర్పాటువాదిగా పేరుమోసినవాడు. భారతీయులు తెల్లవారు కారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో ఏకగ్రీవంగా చెప్పిందీ వాషింగ్టన్ సుప్రీంకోర్టే. జాతుల మధ్య పెళ్లిళ్లను నిషేధించే చట్టాన్ని కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1948లో కొట్టేస్తే, ఆ మాట అనడానికి ఫెడరల్ సుప్రీంకోర్టుకు ఇంకో పందొమ్మిదేళ్లు పట్టింది.

నిజానికి నన్ను ఎక్కువ కలవరపెట్టేది గతం కాదు, జడ్జీల ఎన్నికలు. యాభైలో 38 రాష్ట్రాల్లో అత్యున్నత న్యాయస్థానం జడ్జీలు ఏదో ఒక రూపంలో ఓటర్ల ముందుకు రావాలి. పశ్చిమ వర్జీనియాలో ఒక బొగ్గు కంపెనీ మీద జ్యూరీ 5 కోట్ల డాలర్ల పరిహారం విధించింది. అప్పీలు రాష్ట్ర సుప్రీంకోర్టుకు చేరేలోపు ఆ కంపెనీ అధినేత దాదాపు 30 లక్షల డాలర్లు ఖర్చుపెట్టి ఒక కొత్త అభ్యర్థిని గెలిపించుకున్నాడు. ఆ గెలిచిన జడ్జి కేసు నుంచి తప్పుకోలేదు, 3-2తో పరిహారం రద్దయింది. చివరికి 2009లో ఫెడరల్ సుప్రీంకోర్టు జోక్యం చేసుకుని ఆయన తప్పుకోవాల్సిందేనంది. అదీ 5-4తోనే! 2025 ఏప్రిల్‌లో విస్కాన్సిన్ సుప్రీంకోర్టులో ఒక్క కుర్చీకి జరిగిన ఎన్నిక ఖర్చు పది కోట్ల డాలర్ల దాకా పోయింది. ఎలాన్ మస్క్, ఆయన అండనున్న సంస్థలు రెండు కోట్ల డాలర్లకు పైగా గుమ్మరించినా వాళ్లు బలపరిచిన అభ్యర్థి ఓడిపోయారు. ఓడారు కదా అని సంతోషించలేం, అవతలి పక్షమూ తక్కువ తినలేదు. ఉత్తర కరోలినా సంగతి ఇంకా ఘోరం. అధికార పార్టీకి అనుకూలంగా గీసిన నియోజకవర్గాల పటం రాష్ట్ర రాజ్యాంగానికి విరుద్ధమని అక్కడి సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో 4-3తో చెప్పింది. నవంబరు ఎన్నికల్లో జడ్జీల కూర్పు తారుమారైంది. 2023 ఏప్రిల్‌లో అదే కోర్టు అదే కేసును మళ్లీ విని, ఈసారి 5-2తో, ఇలాంటివి కోర్టులు తేల్చేవి కావంది. మధ్యలో రాజ్యాంగంలో ఒక్క అక్షరం మారలేదు.

ఇంత చూశాక కూడా రాష్ట్ర కోర్టులకు తుది మాట ఉండాలంటారా అన్న ప్రశ్న న్యాయమైనదే. నియోజకవర్గాల పటాల విషయంలో ఫెడరల్ కోర్టులు ఏం చేశాయో చూస్తే జవాబు సగం దొరుకుతుంది. పార్టీ లాభం కోసం గీతలు గీయడం ఎంత అన్యాయమైనా ఫెడరల్ కోర్టులు పట్టించుకోలేవని 2019 జూన్‌లో ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ తేల్చేశారు, రాష్ట్ర రాజ్యాంగాలు ఉన్నాయి కదా అని కూడా అన్నారు. ఆ దారి పనిచేస్తుందని పెన్సిల్వేనియా ఏడాది ముందే చూపింది. కార్టూన్‌లో గూఫీ డోనాల్డ్ డక్‌ను తన్నుతున్నట్టుందని జనం ఎగతాళి చేసిన నియోజకవర్గంతో సహా మొత్తం పటాన్ని 2018 జనవరిలో రాష్ట్ర సుప్రీంకోర్టు రద్దు చేసింది. పద్దెనిమిది సీట్లలో పదమూడు ఒకే పార్టీకి పోయే రాష్ట్రంలో ఆ ఏడాది ఎన్నికల్లో చెరో తొమ్మిది వచ్చాయి. ఫెడరల్ జడ్జీలకు జీవితకాల పదవి ఉన్నంత మాత్రాన పార్టీ వాసన పోలేదు. 2016లో మెరిక్ గార్లాండ్ నియామకాన్ని సెనేట్ విచారణకే తీసుకోకుండా నెలల తరబడి తొక్కిపెట్టిన సంగతి తెలిసిందే. రోగం రెండు చోట్లా ఉంది. తేడా ఏమిటంటే రాష్ట్రాల్లో మందు కూడా ఉంది. మిసోరీ 1940లోనే పార్టీ టికెట్ల పద్ధతి మానేసి, నిపుణుల సంఘం జాబితా ఇస్తే గవర్నర్ అందులోంచి ఎంచే పద్ధతి తెచ్చుకుంది. న్యూజెర్సీలో గవర్నర్ నియమిస్తారు, ఏడేళ్ల తర్వాత మళ్లీ నియమితులైతే డెబ్బై ఏళ్లొచ్చేదాకా ఎవరూ కదపలేరు. ఫెడరల్ రాజ్యాంగానికి చివరి సవరణ 1992లో జరిగింది. రాష్ట్ర రాజ్యాంగాలను మాత్రం ప్రజలు తరచుగా సవరించుకుంటూనే ఉన్నారు. తుది మాట తప్పైతే దిద్దుకునే వీలు రాష్ట్రంలోనే ఎక్కువ.

రాష్ట్రానికో చట్టమైతే సామాన్యుడు అయోమయంలో పడడా అన్నది మిగిలిన అభ్యంతరం. పడతాడు, కొంత. ఉద్యోగం కోసం న్యూజెర్సీ నుంచి డాలస్‌కు మారిన దంపతులు విడిపోతే పిల్లల కేసు ఏ రాష్ట్రం వినాలి? దీనికి రాష్ట్రాలే కూర్చుని ఒక ఉమ్మడి చట్టం తయారుచేసుకున్నాయి, మసాచుసెట్స్ తప్ప మిగతావన్నీ దాన్ని ఆమోదించాయి. కేసు వేయడానికి ముందు ఆరు నెలలు బిడ్డ ఎక్కడ పెరిగిందో ఆ రాష్ట్రమే సాధారణంగా వినాలి. విదేశీ కోర్టు ఇచ్చిన ఆదేశాన్ని కూడా, అది ప్రాథమిక మానవ హక్కులకు విరుద్ధం కానంతవరకు, పక్క రాష్ట్రం ఇచ్చినట్టే గౌరవించాలని అందులో ఉంది. పిల్లల అపహరణపై హేగ్ ఒప్పందంలో మన దేశం చేరలేదు కాబట్టి, రెండు దేశాల మధ్య నలిగే తెలుగు కుటుంబాలకు ఈ నిబంధన తెలిసి ఉండటం అవసరం. వాషింగ్టన్ ఆజ్ఞ లేకుండానే ఇంత ఏకరూపత వచ్చింది.

ఓటు హక్కు వచ్చిన మన తెలుగువాళ్లకు ఒక విజ్ఞప్తి. టెక్సస్‌లో సివిల్ కేసులకో సుప్రీంకోర్టు, క్రిమినల్ కేసులకో ప్రత్యేక అత్యున్నత కోర్టు ఉన్నాయి, ఒక్కొక్క దానిలో తొమ్మిదేసి మంది. వాళ్లందర్నీ పార్టీ గుర్తులతో ప్రజలే ఎన్నుకుంటారు, కింద కౌంటీ జడ్జీలు అదనం. ఒక్క గుర్తు నొక్కితే పార్టీ మొత్తానికి ఓటు పడే వెసులుబాటు 2020 నుంచి తీసేశారు కాబట్టి ఒక్కొక్క పేరు దగ్గరా విడిగా ఎంచాలి. అధ్యక్షుడి పేరు దగ్గర ఓటేసి, బ్యాలెట్ అడుగున ఉన్న ఆ జడ్జీల గడులు ఖాళీగా వదిలి వచ్చేయకండి. మీ అద్దె తగాదా, మీ వీలునామా, మీ బిడ్డ సంరక్షణ వాళ్ల చేతుల్లోనే ఉంటాయి. ఆ రెండు అత్యున్నత కోర్టుల అభ్యర్థులకు ఎవరు ఎంత విరాళమిచ్చారో టెక్సస్ ఎథిక్స్ కమిషన్ రికార్డుల్లో ఎవరైనా చూసుకోవచ్చు, బూత్‌కు బయల్దేరే ముందు చూడండి.